ప్రతిజ్ఞలో ఒక వాక్యం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. జూన్ 12 దగ్గర పడుతోంది. బడి తెరిచే రోజు ఎలా ఉంటుందో ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్నవాణ్ణి. విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. వేసవిలో మూసిన గదుల్లో గబ్బిలాల వాసన, కొత్త బూట్లు కరిచి కుంటుతూ వచ్చే ఆరో తరగతి పిల్లలు, వరండాలో పుస్తకాల కట్టలు, పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిట్ల లెక్కలు. ఆ హడావుడిలోనే ప్రార్థన గంట మోగుతుంది. అందరం నిలబడి, కుడిచేయి చాచి, "భారతదేశం నా మాతృభూమి" అంటాం.

ఆ ప్రతిజ్ఞ రాసినది తెలుగువాడే. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో దాన్ని రాశారు. విశాఖ రాజకీయ నాయకులు తెన్నేటి విశ్వనాథం గారి చొరవతో అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1965 నాటికి దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. ఖజానా లెక్కలు చూసుకునే ఉద్యోగి మాటలు ఇన్ని కోట్ల మంది పిల్లల నోట పలుకుతున్నా, పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చాలాకాలం వేయనే లేదు. ఆ సంగతి అలా ఉంచండి. అందులో ఒక చిన్న వాక్యం ఉంది: "ప్రతివారితోను మర్యాదగా నడుచుకొంటాను." నేను ఈ లేఖ రాస్తున్నది ఆ వాక్యం గురించే.

మా బడిలో మరుగుదొడ్లు కడిగే ఆమెను ఒకరోజు తొమ్మిదో తరగతి కుర్రాడు "ఏయ్, ఇక్కడ నీళ్లు పొయ్యి" అన్నాడు. ఆమెది వాడి నాయనమ్మ వయసు. మందలిద్దామని పక్కకు పిలిచాను. "మీరందరూ అలాగే పిలుస్తారు కదా సార్" అన్నాడు. పొగరుతో అన్న మాట కాదు, వాడికి నిజంగానే అందులో తప్పు కనిపించలేదు. ఆ మధ్యాహ్నం మా స్టాఫ్ రూములో ఆమె పేరు ఎంతమందికి తెలుసని అడిగాను. ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరిలో నేను లేను.

మరుసటి వారం ఆమె పేరు, వంట చేసే ఇద్దరి పేర్లు ప్రధానోపాధ్యాయుల గది బయట బోర్డు మీద మా పేర్ల కిందే రాయించాం. పేరు చివర 'గారు' చేర్చాం. మొదట్లో పిల్లలు నవ్వారు, మాలోనూ కొందరు నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. మధ్యాహ్న భోజనం వండేవారికి 2019లో వెయ్యి నుంచి మూడు వేలకు పెంచిన నెల మొత్తాన్ని గౌరవ వేతనం అంటున్నాం. అందులో వేతనం సంగతి మీరు చూడాలి. గౌరవం మాత్రం మేమే ఇవ్వగలం, దానికి ఏ జీవో అక్కర్లేదు.

2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించారు. శనివారాలు పుస్తకాల సంచి లేకుండా రమ్మన్నారు. రెండూ నాకు నచ్చాయి. మంచి మాట చెప్పేవారు బడిలోకి వస్తే కాదనేవాణ్ణి కాను. నా బాధ మరోచోట ఉంది. విలువల పాఠం మేము చెప్పే గంటలోనే, దానికి సరిగ్గా ఎదురు పాఠం బడి మరో చేత్తో నేర్పిస్తోంది.

2024 డిసెంబరులో గణితం సమ్మేటివ్ (అర్ధ సంవత్సర పరీక్ష) ప్రశ్నపత్రం యూట్యూబులో బయటపడి పరీక్ష వాయిదా పడింది, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా పదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "ముందే చూసినవాళ్లు తప్పు చేసినట్టా సార్, లేక చూడని మేము తెలివితక్కువవాళ్లమా?" జవాబు చెప్పాను గానీ, చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే నచ్చలేదు. ఎందుకంటే చిన్న పరీక్షల్లో మేమూ అంత గొప్పగా ఏమీ లేము. సమీక్షలో "మీ బడిలో సి గ్రేడులు ఇన్ని ఎందుకున్నాయి?" అని నిలదీస్తే, తరువాతి పరీక్షకు సి గ్రేడులు మాయమవుతాయి. పిల్లలు అమాయకులు కారు. తాము రాయని జవాబుకు మార్కులు పడితే, పడ్డవాడికే ముందు తెలుస్తుంది. వాడు ఏమి నేర్చుకున్నాడో ఏ విలువల పుస్తకమూ చెరపలేదు.

అందుకే మొదటి విన్నపం: నడవడికకు మార్కులు, గ్రేడులు పెట్టకండి. పెడితే అవి కూడా మేమే వేసేస్తాం.

మూడేళ్ల కిందట మా బడిలో నిజాయితీ దుకాణం అని ఒక బల్ల పెట్టాం. పెన్నులు, నోటుపుస్తకాలు, రబ్బర్లు, పక్కనే డబ్బులు వేసే డబ్బా. కాపలా ఎవరూ ఉండరు. మొదటి వారం 46 రూపాయలు తక్కువ వచ్చాయి. విచారణ చేయలేదు, ఎవరినీ అనుమానించలేదు. తేడా ఎంతో నల్లబల్ల మీద రాసి ఊరుకున్నాం. దసరా నాటికి తేడా ఆరేడు రూపాయలకు దిగింది. సున్నాకు ఎప్పుడూ రాలేదు. వచ్చిందని రాస్తే ఈ లేఖ ఇంకా బాగుండేదేమో! తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ బల్ల చూసి అనుమతి పత్రం ఎక్కడుందని అడిగారు. నష్టాన్ని ఏ పద్దు కింద చూపుతున్నారని కూడా అడిగారు. మరుసటి రోజు బల్ల తీసేశాం. తీసేస్తుంటే ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు వచ్చి ఐదు రూపాయల నాణెం ఇచ్చి, "పోయిన నెలది సార్" అన్నాడు. దాన్ని ఏ పద్దులో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో విన్నపం ఇంకా చిన్నది. జూన్ 12 నుంచి పదిహేను రోజులు మమ్మల్ని యాప్‌లకు, ఫొటోలకు దూరంగా ఉంచండి. హాజరు, ప్రవేశాలు, కిట్ల పంపిణీ తప్పవు, సరే. మిగిలినవన్నీ జూలైలో అడగండి. ఆ పదిహేను రోజుల్లో మాకు చాలా పని ఉంది. పిల్లల పేర్లు నేర్చుకోవాలి. ఒక వీధి పిల్లలు ఒక బెంచీ, మరో వీధి పిల్లలు మరో బెంచీ అన్నట్టు కూర్చునే అలవాటును మాటల్లేకుండా మార్చాలి. వీధి అని ఎందుకు రాశానో మీకు అర్థమవుతుంది. తొమ్మిదో తరగతి వాళ్లకు ఒక్కొక్కరికి ఆరో తరగతి పిల్ల లేదా పిల్లవాడిని అప్పగించాలి: బూటు కరిస్తే, నీళ్ల సీసా పోతే, ఏడుపొస్తే, ముందు వీళ్లు చూసుకోవాలి. భోజనం ఎంతమంది తిన్నారో పిల్లలే లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. బోర్డు మీది అంకె, యాప్‌లోని అంకె ఒకటే కావాలి. ఇందులో ఒక్కటీ ఫొటో తీసి పంపేది కాదు.

మీరు బడులకు వస్తుంటారు. వచ్చినప్పుడు పిల్లలతో కలిసి భోజనం చేస్తారు. సంతోషమే. అయితే వస్తున్నట్టు కబురు అందగానే గేటు నుంచి సున్నం గీతలు పడతాయి, వారం రోజులు స్వాగత గీతం సాధన సాగుతుంది, వెనక బెంచీ పిల్లలకు "ఆ రోజు రావద్దు" అనే మాట మెల్లగా చేరుతుంది. ఈసారి కబురు లేకుండా రండి. ప్రార్థన వేళకు వచ్చి వరుసలో చివర నిలబడండి. ఆ చిన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లల గొంతు ఎలా ఉంటుందో వినండి. మధ్యాహ్నం తిన్నాక పళ్లెం మీరే కడుక్కోవచ్చు. మా బడిలో కుళాయిలు నాలుగు, పనిచేసేవి రెండు. ఎడమవైపుది తిప్పండి, కుడివైపుది సన్నగా కారుతుంది.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు
విజయనగరం జిల్లా