పిల్లల పళ్లకు ఫ్లోరైడ్: మిల్లీగ్రాముల్లో లెక్క చూడండి

సంపాదకులకు,

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ మాట ఎత్తితే చాలు, గారపళ్లు, వంకర తిరిగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములే గుర్తొస్తాయి. రాక ఏమవుతుంది? మన దేశంలో ఫ్లోరోసిస్‌పై, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బుపై, 1937లో వెలువడిన తొలి వైద్య నివేదిక అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం గురించే. ఆ భయాన్ని సొమ్ము చేసుకుంటూ ఇప్పుడు ‘ఫ్లోరైడ్ లేదు’ అని డబ్బా మీద పెద్దక్షరాలతో పిల్లల పేస్టులు అమ్ముతున్నారు. తల్లిదండ్రులు అదేదో రక్షణ అనుకుని కొంటున్నారు. పాలసీసా, బిస్కెట్లతో మొదలైన పుచ్చును ఆపేది ఇంట్లో ఏదైనా ఉందంటే ఫ్లోరైడ్ పేస్టే. దాన్నే తీసి పక్కన పెడుతున్నారు.

గార రావడానికి, పుచ్చు ఆగడానికి ఫ్లోరైడ్ పనిచేసే చోటు వేరు. చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ మింగితే, అది రక్తంలో కలిసి పంటి పైపొర అయిన ఎనామిల్‌ను సరిగా గట్టిపడనివ్వదు. పైకి కనిపించే శాశ్వత ముందుపళ్లకు ఒకటి నుంచి మూడేళ్ల వయసు గడ్డుకాలం. జ్ఞానదంతాల సంగతి వదిలేస్తే, ఎనిమిదేళ్లు దాటాక కొత్తగా గార ఏర్పడదు. పుచ్చును ఆపేది మాత్రం పంటి పైన, ఉమ్మిలో ఉండే ఫ్లోరైడ్. తీపి తిన్నాక నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ అందుబాటులో ఉంటే కరిగిన ఖనిజం తిరిగి చేరుతుంది, అలా చేరిన పొర దాదాపు 4.5 వరకూ తట్టుకుంటుంది. అందుకే తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలి. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే పేస్టు కొన్న డబ్బు సింకులో పోసినట్టే.

ఇక లెక్క. మన చట్టం ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద, డబ్బా మీద అచ్చు వేయాలి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు. అది సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత, అంటే పావు గ్రాము పేస్టు, అందులో ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని లెక్క. పన్నెండు కిలోల బిడ్డకు అది 1.2 అవుతుంది. బియ్యపు గింజంత పేస్టును రెండుపూటలా మొత్తం మింగేసినా చేరేది 0.2. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా అల కట్టి పెడితే గ్రాము, గ్రామున్నర పడుతుంది. బిడ్డ రెండుపూటలా అంతా మింగితే హద్దు దాటిపోతుంది. పేస్టు పిండే పని పెద్దవాళ్లదే, తోమిన తర్వాత ట్యూబును అందనంత ఎత్తులో పెట్టే పని కూడా. ‘పిల్లల పేస్టు’ పేరుతో వచ్చే వాటిలో కొన్నింట్లో 500 పీపీఎం కూడా ఉండదు. ఆ మోతాదులో పుచ్చు ఆగుతుందనడానికి గట్టి రుజువు లేదు. మా సలహా: 1000 పీపీఎం పేస్టే కొనండి, తక్కువగా పెట్టండి.

ఇప్పుడు నీళ్ల వైపు చూడండి. భారత ప్రమాణాల సంస్థ లెక్కలో లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదు. బోరులో 3 ఉంటే ఒక్క లీటరుతోనే 3 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి. అసలు బెడద ఇది. చాలా ఇళ్లలో తాగడానికి నల్లా నీళ్లో క్యాను నీళ్లో వాడతారు గానీ, అన్నం, పప్పు, అంబలికి బోరునీళ్లే పోస్తారు. ఉడికేటప్పుడు నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. కాచి చల్లార్చినా ఇంతే, ఇంకాస్త చిక్కబడుతుంది తప్ప తగ్గదు. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీయవు, ఆర్వో తీస్తుంది. కాబట్టి పసిబిడ్డ తిండికి వాడే నీళ్లు ముందు మార్చాలి. అది కుదరని ఊళ్లలో మూడేళ్ల లోపు బిడ్డకు ఫ్లోరైడ్ పేస్టు పెట్టాలా వద్దా అన్నది నీటి పరీక్ష కాగితం చూసి దంతవైద్యుడు చెప్పాలి. గారపళ్లు పుచ్చవన్న మాట నమ్మకండి. గార ముదిరి గుంటలు పడ్డ పంట్లో తిండి ఇరుక్కుని పుచ్చడం మామూలే.

పుచ్చు అప్పటికే పట్టిన పాలపళ్ల సంగతి. మూడేళ్ల పిల్లాడు డ్రిల్ చప్పుడుకు నోరు తెరవడు. ఇలాంటి వాళ్లకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. జపాన్‌లో 1970 నుంచీ వాడుతున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. సీసా మీద 44,800 పీపీఎం అని చూసి కొందరు అదిరిపడతారు. ఒక్క చుక్క ఐదు పళ్ల దాకా సరిపోతుంది, ఆ చుక్కలో ఉండే ఫ్లోరైడ్ సుమారు 1.1 మిల్లీగ్రాము. ఆరు నెలలకోసారి పడే చుక్క ఇది. బోరునీళ్లు రోజూ కడుపులోకి పోతాయి.

రాసే పద్ధతి తేలికే, ఓపిక కావాలి. పంటి గుంటలోని తిండిని తుడిచేస్తారు, పుచ్చును గీకక్కర్లేదు, మత్తు సూది అక్కర్లేదు. పెదాలకు, చిగురుకు వ్యాజ్‌లైన్ రాస్తారు. మందు చర్మానికి తగిలితే గోధుమరంగు మచ్చ పడి ఒకటి రెండు వారాల్లో పోతుంది, బట్టకు తగిలితే పోదు. దూది చుట్టలు పెట్టి పంటిని బాగా ఆరబెట్టాలి. తొందరపడితే ఇక్కడే తేడా వస్తుంది, ఉమ్మి తగిలితే మందు పలచబడిపోతుంది. ప్లాస్టిక్ గిన్నెలోని చుక్కను సన్నని బ్రష్‌తో గుంటకు అద్ది, నిమిషం ఉంచి, మిగిలింది గాజుగుడ్డతో అద్దేస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చూడాలి. గుంట నల్లగా, గట్టిగా మారితే పుచ్చు ఆగినట్టు. పసుపుపచ్చగా, మెత్తగానే ఉంటే మళ్లీ రాయాలి. పరిశోధనలన్నీ కలిపి చూస్తే పాలపళ్ల పుచ్చుల్లో దాదాపు 80 శాతం ఇలా ఆగాయి. ముందుపళ్లలో ఫలితం ఎక్కువ, తిండి ఇరుక్కునే దవడపళ్లలో తక్కువ.

ఆ నలుపు పోదు. రాయకముందే ఫొటో చూపించి తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోని డాక్టరు తర్వాత తగువు పడక తప్పదు. రాత్రిళ్లు నొప్పితో లేచే పంటికి, చిగురు మీద చీము పొక్కు ఉన్న పంటికి ఈ మందు పనికిరాదు. అక్కడ పుచ్చు నరం దాకా వెళ్లిపోయింది. వెండి పడనివాళ్లకు, నోరు పూసి పుండ్లున్నప్పుడు కూడా రాయరు.

గారపళ్లను ఉప్పు, బొగ్గు, నిమ్మకాయతో రుద్దితే ఎనామిల్ అరుగుతుంది తప్ప మచ్చ పోదు. ఆ రంగు పంటి లోపలిది.

న్యూయార్క్ బడుల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2024లో అచ్చయింది. బళ్లోనే రాసిన సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పుచ్చును నివారించడంలో సీలెంట్లకు, అంటే దవడపళ్ల గాళ్లను మూసే పూతలకు, తీసిపోలేదు, నర్సులు రాసినా ఫలితం తగ్గలేదు. మన దగ్గర రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి పళ్లు కూడా చూస్తున్నాయి. పుచ్చు కనిపించిన బిడ్డను పంపితే ఏరియా ఆసుపత్రి దంత విభాగంలో ఈ మందు సీసా ఉండేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చూడాలి. ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని పంచాయతీ బోర్డు మీద రాయించాలి. ‘తాగొచ్చు’, ‘తాగరాదు’ అన్న రెండు ముక్కలతో ఏ తల్లీ బిడ్డకు పేస్టు ఎంత పెట్టాలో తేల్చుకోలేదు.

— పిల్లల దంతవైద్యులు, నల్లగొండ