సెక్షన్ 9 మార్గదర్శకాలు ఎప్పుడిస్తారు? కేంద్ర సిబ్బంది శాఖ మంత్రికి కృష్ణపట్నం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సిబ్బంది, ప్రజా ఫిర్యాదుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అవినీతి నిరోధక చట్టానికి చేసిన సవరణ 2018 జులై 26న అమల్లోకి వచ్చింది. లంచం ఇచ్చిన కంపెనీదీ నేరమేనని, దాని తరఫున ఏజెంటు ఇచ్చినా లెక్క అదేనని సెక్షన్ 9 చెబుతోంది. లంచాలు జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకున్నామని రుజువు చేసుకుంటే కంపెనీ బయటపడవచ్చు. ఆ ఏర్పాట్లు ఎలా ఉండాలో కేంద్రమే మార్గదర్శకాలు ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఐదో ఉపవిభాగం అంటోంది. అవి ఇంతవరకూ రాలేదు. ఈ ఉత్తరం వాటి కోసమే.

మేం అడిగేది ముఖ్యంగా చమురు బావుల తవ్వకానికి సేవలందించే సర్వీసు కంపెనీల గురించి. నెల్లూరు జిల్లా వాళ్లకు వాటితో పనేమిటని అనుకోవద్దు. మంగంపేట గనుల ముగ్గురాయి (బెరైటీస్) పొడి మా రేవులోనూ ఓడలెక్కుతుంది. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు పైకి తన్నకుండా అదిమి పట్టేది డ్రిల్లింగ్ మడ్ (బావిలోకి పంపే బురదలాంటి ద్రవం) బరువు, ఆ బరువు ఇచ్చేది ఈ పొడి. 4.20 గ్రేడు అని అమ్మితే సాంద్రత (నీటికన్నా ఎన్ని రెట్లు బరువన్నది) అంతకు తగ్గకూడదు, 75 మైక్రాన్ల జల్లెడ మీద 3 శాతానికి మించి మిగలకూడదు. 4.12 వచ్చిన శాంపిల్‌కు లంచమిచ్చి 4.21 అని సర్టిఫికెట్ రాయించుకుంటే ఏమవుతుందో చెప్తాం. అనుకున్న బరువు రావడానికి బావి దగ్గర పొడి ఎక్కువ కలపాలి, మడ్ చిక్కబడుతుంది, పంపు మీద ఒత్తిడి పెరుగుతుంది. ముతక నలుసులు పంపు లైనర్లను అరగదీస్తాయి. బావి ఏటవాలుగా ఉన్నచోట అడుక్కి దిగిపోతాయి, పైన మడ్ తేలికవుతుంది, గ్యాసు తన్నుకొస్తుంది. రేవు దగ్గర చేయి తడిపితే రిగ్గు (బావి తవ్వే యంత్రాల వేదిక) మీద మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది ఇలాగే.

అయినా ఎందుకిస్తారు? లోతు సముద్రపు రిగ్గు అద్దె రోజుకు లక్షల డాలర్లలో ఉంటుంది. సరుకు ఒక్క రోజు ఆగితే పోయేదాని పక్కన మామూళ్ల సొమ్ము ఎంత? కంపెనీ నేరుగా ఇవ్వదు. 'ఎలాగైనా సాయంత్రానికి బయటపెట్టండి' అని ఏజెంటుకు ఫోన్ చేస్తుంది.

ఏ రేవులోనైనా క్లియరింగ్ ఏజెంటు బిల్లు ఒకటి తీసి చూడండి. వార్ఫేజీకి (రేవు రుసుముకు) రసీదు ఉంటుంది, కాటాకు చీటీ ఉంటుంది, ల్యాబుకు ఇన్‌వాయిస్ ఉంటుంది. వాటి కింద 'ఇతర ఖర్చులు' అని ఒక వరుస. దానికి ఆధారం తెల్లకాగితం మీద చేత్తో రాసిన వోచరు, రెవెన్యూ స్టాంపు మీద పొడి సంతకం. ఇవాళ 9,500, రేపు 9,800. ఒక్కరికి ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు గనుక అంకె ఎప్పుడూ దానికి కాస్త ఇవతలే ఆగుతుంది. పద్దు పేరు 'కూలీల టీ, టిఫిన్'. ఆ లోడుకు కూలీలే పెట్టలేదు, జంబో బ్యాగులు క్రేను ఎత్తింది.

ఈ పద్దుకు పేరు మారినా పని మారదు. 2010 నవంబరులో పనల్పినా అనే రవాణా కంపెనీ, చమురు రంగంలోని మరికొన్ని కంపెనీలు కలిసి లంచాల కేసుల్లో అమెరికా ప్రభుత్వానికి 23.65 కోట్ల డాలర్లు కట్టాయి. నైజీరియా కస్టమ్స్‌కు ముట్టిన డబ్బు బిల్లుల్లో 'లోకల్ ప్రాసెసింగ్ ఛార్జీ'గా పడింది. ఆ కంపెనీల్లో ఒకటైన, రిగ్గులు నడిపే ప్రైడ్ ఇంటర్నేషనల్ కేసులో మన దేశమూ ఉంది. 2003లో ఒక రిగ్గు దిగుమతి సుంకం తగాదాలో ఇక్కడి ట్రైబ్యునల్ న్యాయాధికారి కోసం సుమారు 5 లక్షల డాలర్లు చెల్లించినట్టు తేలింది. లంచం మన దగ్గర, జరిమానా వాషింగ్టన్‌లో. ఇది మాకు నిజంగా బాధగా ఉంది.

లెక్కల సంగతీ అంతే. చమురు సర్వీసు కంపెనీ వెదర్‌ఫోర్డ్ 2007 నుంచి 2012 వరకు పన్ను కేటాయింపులు తగ్గించి లాభాన్ని 90 కోట్ల డాలర్లకు పైగా పెంచి చూపిందన్న అభియోగంపై 2016లో 14 కోట్ల డాలర్లు కట్టింది. అంతకు ముందు, 2013లో, లంచాలు, ఆంక్షల ఉల్లంఘనల కేసుల్లో దాదాపు 25 కోట్ల డాలర్లు. 2008కి ముందు ఆ సంస్థలో ప్రత్యేకంగా కంప్లయన్స్ అధికారే (చట్టం, నిబంధనలు పాటిస్తున్నారా అని చూసే మనిషే) లేరు. ఏడాది చివర టార్గెట్ అందాలన్న తొందర, కాగితం ఏదని అడిగే మనిషి లేకపోవడం: దొంగ లాభానికీ దొంగ వోచరుకూ మూలం ఇదే.

విదేశీ అధికారులకు లంచమిచ్చే కంపెనీలను శిక్షించే అమెరికా చట్టం భయం ఇన్నాళ్లూ కొంత పనిచేసింది. 2025 ఫిబ్రవరిలో వాళ్లు దాని అమలు ఆపి, జూన్‌లో కొత్త నిబంధనలతో మళ్లీ మొదలుపెట్టారు. అమెరికా కంపెనీలకు నష్టం జరిగే కేసులకే ఇప్పుడు పెద్దపీట. మన రేవును మనమే చూసుకోవాలి.

మన పన్ను పద్ధతిలోనూ ఒక సందు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44బీబీ సెక్షన్‌తో వచ్చిన విధానంలో, చమురు అన్వేషణకు సేవలందించే విదేశీ కంపెనీ రాబడిలో 10 శాతాన్ని లాభంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. లెక్క తేలిక, కాదనం. కానీ ఖర్చుల వోచర్లు తిరగేయాల్సిన అవసరం పన్ను అధికారికి ఇక ఉండదు. అందుకే మార్గదర్శకాల్లో ఈ పని కంపెనీ మీదే పెట్టండి. మూడో మనిషి రసీదు లేనిదే ఏజెంటుకు ఏ ఖర్చూ తిరిగి ఇవ్వకూడదు. అర్జెంటు క్లియరెన్సుకు అదనపు కమిషన్ ఒప్పందాలు ఉండకూడదు. ల్యాబు శాంపిల్‌ను సీలు వేసిన రెండు భాగాలుగా తీసి, ఒకటి ఆరు నెలలు దాచాలి.

ఫిర్యాదు చేసేవాళ్ల మాట మరీ ముఖ్యం. కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద విజిల్ ఏర్పాటు (సిబ్బంది తప్పుల మీద ఫిర్యాదు చేసేందుకు రక్షణతో కూడిన దారి) లిస్టెడ్ కంపెనీలకు, డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకు అప్పు 50 కోట్లు దాటినవాటికే తప్పనిసరి. వోచరు రాసే గుమస్తా పనిచేసే పదిమంది ఆఫీసు ఇందులో ఎక్కడా రాదు. 2014లో పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం అమలు తేదీ కోసం ఇంకా ఎదురుచూస్తోంది. ఆ తేదీ ప్రకటించండి, సర్వీసు కంపెనీల విజిల్ ఏర్పాటును వాళ్ల ఏజెంట్ల సిబ్బందికీ వర్తింపజేయండి.

చివరిగా, బలవంతం మీద లంచం ఇచ్చినవాడు ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలిపితే సెక్షన్ 8 కింద నేరం కాదు. లారీ డ్రైవరుకు ఈ ముక్క తెలియదు. కస్టమ్స్ కేంద్రానిది, గనులు రాష్ట్రానివి. సీబీఐ దగ్గరికి పోవాలా, ఏసీబీ దగ్గరికి పోవాలా అన్నది అంతకన్నా తెలియదు. రేవు గేటు దగ్గర, కాటా దగ్గర, తెలుగులో, పెద్దక్షరాలతో ఈ రెండు సంగతులూ రాసిన బోర్డు పెట్టించండి.

ఇట్లు,
సరుకు క్లియరింగ్, రవాణా, అకౌంట్స్ పనివాళ్లం,
కృష్ణపట్నం, ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా