వార్షిక నివేదిక: నేల, నీరు, జ్ఞాపకం మీద మన చిత్రాలు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సినిమా సంఘం పని మూడింటి చుట్టూ తిరిగింది: విశాఖపట్నం తీరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, ఊళ్లోని ఆర్కే బీచ్, పాత ఫిల్ము రీళ్ల పెట్టె. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

చిత్రీకరణకు ఒకే నియమం పెట్టుకున్నాం: ఒక షాటు పది నిమిషాలు, కెమెరా కదపకూడదు. అమెరికన్ దర్శకుడు జేమ్స్ బెన్నింగ్ 2004 నాటి ‘13 లేక్స్’లో పదమూడు సరస్సులను ఇలాగే 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. 400 అడుగుల చుట్ట సెకనుకు 24 ఫ్రేముల లెక్కన దాదాపు పదకొండు నిమిషాలు వస్తుంది. డిజిటల్‌కు ఆ హద్దు లేకపోయినా నియమం సడలించలేదు. మూడో నిమిషంలో విసుగు పుడుతుంది. అది దాటితేనే ఇసుక జారడం కంటికి ఆనుతుంది.

2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బల దగ్గర మొదట దెబ్బతిన్నది రంగు. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులు సరిచేసే అమరిక) ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని దిద్దేస్తుంది, దిబ్బ మట్టిరంగుకు దిగిపోతుంది. దాన్ని పగటి వెలుతురుకు సరిపోయే 5600 కెల్విన్‌కు బిగించండి. ఎక్స్‌పోజరు, ఫోకస్ కూడా బిగించాలి. లేకుంటే మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ట్రైపాడ్ కాళ్ల కింద జానెడు ప్లైవుడ్ ముక్కలు వేయకపోతే షాటు సగంలో ఒక కాలు దిగబడి సముద్రం ఒరిగిపోతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను బ్యాగులోనే అరగంట ఉంచాలి, లేదంటే లెన్సుకు చెమ్మ పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన ఒక షాటుకు 7.5 జీబీ కావాలి.

వానాకాలం ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి తీస్తేనే వాన కోసిన గాడి తెలుస్తుంది. అందుకే ప్రతి షాటుకూ స్థానం, దిక్కు, లెన్సు, ట్రైపాడ్ ఎత్తు, సమయం నోటుపుస్తకంలో రాయాలి. రాయని షాట్లు ఎంత అందంగా ఉన్నా పోలికకు పనికిరాలేదు, పక్కన పెట్టేశాం. నౌకాదళ స్థావరాలున్న ఊరు కాబట్టి డ్రోన్ ఆలోచనే వద్దు.

ఆర్కే బీచ్ షాట్లను ప్రకృతి దృశ్యాలని పిలవడం మీద సభ్యుల మధ్య వాదన జరిగింది. ఈ తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఈశాన్యంగా కదులుతుంది. పోర్టు ఔటర్ హార్బర్ (బయటి రేవు) గోడలు దాన్ని అడ్డుకోవడంతో ఇవతల కోత పడుతుంది; పోర్టు పూడిక తవ్వి తెచ్చిన ఇసుకను ఇక్కడ పోస్తారు. అంటే తెరమీద కనిపించే తీరంలో కొంత యంత్రం పోసిందే. ఆ సంగతి తెలియకుండా ‘మా తీరం’ అనే చిత్రం తీస్తే అది పోస్టుకార్డే అవుతుందని మా అభిప్రాయం.

జాలరుల మాటల రికార్డింగులో గాలి హోరు పెద్ద ఇబ్బంది. మైకుకు బొచ్చు తొడుగు వేసి, 80 హెర్ట్జ్ కింది ధ్వనిని కోయడంతో చాలావరకు తగ్గింది. సబ్‌టైటిళ్లలో వాళ్ల మాటను పుస్తక భాషలోకి మార్చవద్దు: ‘పైరగాలి’ని ‘దక్షిణపు గాలి’ చేస్తే మనిషి ఊరు పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. రెండో వరుసను తెర అంచు నుంచి కొంచెం పైకి జరపండి, ఒత్తులు తెగకుండా.

పాత రీళ్లలో వెనిగర్ వాసన వచ్చేవాటిని ప్రొజెక్టరుకు ఎక్కించలేదు; ఆ వాసన ఫిల్ము కుళ్లి ఆమ్లం వదులుతోందనడానికి గుర్తు. ఎసిటేటు (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్ము మన తేమకు కుళ్లి, ముడుచుకుని, పళ్ల చక్రం దగ్గర చిరుగుతుంది. గాలి చొరని డబ్బాలో మూస్తే ఆ ఆమ్లపు ఆవిరి లోపలే తిరిగి కుళ్లు వేగం పెంచుతుంది. వాటిని వేరు చేశాం, స్కానింగ్ వచ్చే ఏడాదికి. రీళ్లలోని వీధులను గుర్తుపట్టగల పెద్దలు ఇంట్లో ఉంటే కార్యవర్గానికి తెలపండి. డబ్బాల మీద పేరూ సంవత్సరమూ లేనివే ఎక్కువ.