దసరా మణికరణ్ యాత్ర: ఖీర్‌గంగలో రాత్రి బస ఎందుకు తీసేశానంటే

నమస్కారం. దసరాకి మణికరణ్, ఖీర్‌గంగ యాత్రకు పేర్లిచ్చి అడ్వాన్సు కట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. యాత్ర ఉంది. తేదీలు మారలేదు, రైలు టికెట్లు మారలేదు, వంటవాళ్ళూ మారలేదు. మారింది ఒక్కటే. ఖీర్‌గంగ కొండ మీద గుడారాల్లో ఒక రాత్రి ఉంటామని చెప్పాను కదా, అది తీసేశాను.

ఈ ముక్క మొన్న వాట్సాప్ గ్రూపులో రెండు లైన్లలో పెట్టాను. చాలామంది "సరేనండీ" అన్నారు. మాతో కాశీ, గయ, చార్‌ధామ్ అన్నీ తిరిగిన ఒక పెద్దాయన మాత్రం "గుడారాల ఖర్చు మిగిలినట్టే" అని పెట్టి, పక్కన నవ్వు బొమ్మ తగిలించారు. బొమ్మ పెట్టినంత మాత్రాన మాట తేలికైపోదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. రెండు లైన్లతో సరిపెట్టే విషయం కాదని అర్థమైంది, అందుకే మొత్తం చెబుతున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం చోటు సంగతి కొంచెం. హిమాచల్ ప్రదేశ్ కులూ జిల్లాలో పార్వతి నది లోయ ఇది. భుంతర్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోయలోకి తిరిగితే కసోల్, దాటితే వేడినీటి ఊటలు, గురుద్వారా ఉన్న మణికరణ్, ఇంకో పదిహేను కిలోమీటర్లలోపు బర్షైనీ. ఖీర్‌గంగ వైపు బండి రోడ్డు బర్షైనీతో అయిపోతుంది, అక్కణ్ణుంచి కొండ మీద శివాలయం, వేడినీటి గుండం ఉన్న ఖీర్‌గంగకి నడకే. ఖీర్‌గంగ పేరుతోనే 2010లో జాతీయ ఉద్యానవనం ప్రకటించారు, విస్తీర్ణం 710 చదరపు కిలోమీటర్లు. ఒకరిద్దరు జీపు సఫారీ ఉందా, పులి కనిపిస్తుందా అని ఫోన్ చేశారు. లేదండీ. ఇది కొండ, అడవి, మంచు. యునెస్కో గుర్తింపు వచ్చిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ దీని పక్కదే కానీ వేరు. దానికి ఔట్ అనే ఊరి దగ్గర నుంచి తీర్థన్, సైంజ్ లోయల్లోకి వెళ్ళాలి. ఈసారి మనం అటు పోవడం లేదు.

ఇక గుడారాలు. ఖీర్‌గంగ పైన మైదానంలో ఒకప్పుడు గుడారాలు, టీ కొట్లు వందల కొద్దీ ఉండేవి. అదంతా అటవీ భూమి. 2018లో హైకోర్టు ఆదేశాలతో అటవీశాఖ వాటిని తీయించేసింది. ఆ తర్వాత కూడా సీజన్ వస్తే కొన్ని వెలుస్తాయి, మళ్ళీ తీయిస్తారు, మళ్ళీ వెలుస్తాయి. ఇది తెలిసే నేను వేసవిలోనే అక్కడి గుడారాలాయనతో మాట్లాడాను. అనుమతి ఉన్న చోటే వేస్తానన్నాడు. నేను అడిగినవి పెద్ద కోరికలేం కాదు: నేల మీద చెక్క పలకలు, ఉతికిన రజాయిలు, ఆడవాళ్ళకి తలుపూ గడియా ఉన్న మరుగుదొడ్లు రెండు. అన్నిటికీ "హో జాయేగా" అన్నాడు. అడ్వాన్సు పంపాను.

వినాయక చవితి వెళ్ళాక ఫోన్ చేసి, అనుమతి కాయితం ఫోటో తీసి పంపమన్నాను. సాయంత్రం పంపుతానన్నాడు. అలా సాయంత్రాలు చాలా అయిపోయాయి. పోనీ గుడారాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో అవైనా ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. గుడారాల మీద జానెడు మందాన మంచు! భాద్రపద మాసంలో ఆ మైదానంలో మంచెక్కడిది బాబూ అని అడిగితే, "ఫోటో పాతది సార్, గుడారాలు కొత్తవి" అన్నాడు. ఆ మాటకి మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చివరికి తేల్చి చెప్పమని గట్టిగా అడిగితే వచ్చిన జవాబు: "మీరు జనాన్ని తీసుకుని వచ్చేయండి, ఇక్కడ ఏదో ఒకటి చూద్దాం."

ఈ వ్యాపారంలో నాకు సరిపడని మాట ఏదైనా ఉందంటే "ఏదో ఒకటి చూద్దాం" అనేదే. సుమారు 2,950 మీటర్ల ఎత్తు, అక్టోబరు చలి, ఫోన్ సిగ్నల్ దొరకదు, చీకటి పడ్డాక కిందికి దిగే దారి లేదు. మోకాళ్ళ నొప్పుల పిన్నిగార్లని, షుగరు మాత్రలు వేసుకునే మాస్టార్లని అక్కడ నిలబెట్టి, ఏదో ఒకటి చూద్దామా? రాత్రి ఏడింటికి అటవీశాఖ వాళ్ళు వచ్చి ఇక్కడ ఉండకూడదు, దిగండి అంటే నేను ఎవరికి ఏం చెప్పను?

వేరే గుడారాలాయన్ని పట్టుకోవచ్చు కదా అని మా అబ్బాయే అడిగాడు. పట్టుకోవచ్చు. ఆయనా కాయితం చూపించకపోతే? కింద కల్గా, పుల్గా ఊళ్ళలో గెస్ట్‌హౌసులు ఉన్నాయి, అక్కడ పడుకుని పొద్దున్నే ఎక్కచ్చు. కానీ బర్షైనీ నుంచి ఆ ఊళ్ళకి సామాన్లతో కాలిబాటనే ఎక్కాలి, వంట సామాను కూడా అలాగే మోయాలి. పూర్తిగా ఖీర్‌గంగ ఎత్తేసి మణికరణ్‌తో ఆపేద్దామా అనీ అనుకున్నాను. కాయితం మీద కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఖీర్‌గంగ పేరు చూసి డబ్బు కట్టినవాళ్ళున్నారు, వాళ్ళకి కొండ కింద నుంచే దణ్ణం పెట్టించి తీసుకొస్తే అది మాట తప్పడమే.

చివరికి తేల్చుకున్నది ఇది. బస రెండు రాత్రులూ మణికరణ్‌లోనే, పక్కా గదుల్లో. నడవగలిగినవాళ్ళు ఒక్క పగట్లో ఖీర్‌గంగ ఎక్కి దిగుతారు. మిగతావాళ్ళు మణికరణ్‌లో తీరిగ్గా స్నానాలు, దర్శనాలు చేసుకుంటారు.

"మేం అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళం, ఇదో లెక్కా" అనేవాళ్ళకి ఒక మాట. అలిపిరి దారిలో 3,550 మెట్లు, నిజమే. కానీ తల మీద కప్పు ఉంటుంది, దారి పొడుగునా కుళాయిలు, కొట్లు, కూర్చోడానికి అరుగులు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కాక బస్సులో దిగచ్చు. ఖీర్‌గంగకి నక్తాన్ అనే ఊరి మీదుగా వెళ్ళే దారి ఒకవైపే సుమారు 12 కిలోమీటర్లు. మొదట ఊళ్ళు, ఆపిల్ తోటలు, రుద్రనాగ్ జలపాతం దాకా సరదాగానే ఉంటుంది. అది దాటాక దేవదారు అడవిలో చెట్ల వేర్లు, జారే రాళ్ళు, నిలువు ఎక్కుడు. ఎక్కినంతా కాళ్ళతోనే దిగాలి, మోకాళ్ళని తినేసేది దిగుడే. అందుకని ఈ రోజు నుంచే పొద్దునా సాయంత్రం నడవండి. బూట్లు కొత్తవి కొని రైల్లో మొదటిసారి తొడుక్కోవద్దు.

మణికరణ్ నుంచి తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరతాం. మధ్యాహ్నం పన్నెండుకి ఎవరు ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. పైన గుండం ఇంకో అరగంటే ఉందన్నా సరే, వెనక్కే. ఈ ఒక్క విషయంలో నాతో వాదించద్దు. అక్టోబరులో ఆ అడవిలో సాయంత్రం అయిదున్నరకే మసక పడుతుంది. పైకి చేరినవాళ్ళకి శివాలయం దగ్గర వేడినీటి గుండం ఉంటుంది, ఆడవాళ్ళకి వేరుగా గోడ కట్టిన చోటుంది. కార్తికేయుడు తపస్సు చేసిన చోటని అక్కడివాళ్ళ నమ్మకం. సబ్బులు, షాంపూ పాకెట్లు సంచీలోంచి తీయద్దు.

మణికరణ్‌లోనే ఉండిపోయేవాళ్ళు ఏదో కోల్పోతున్నామని అనుకోకండి. నా మటుకు నాకు మణికరణే ఎక్కువ ఇష్టం. చలికి బిగుసుకుపోయిన కాళ్ళతో వంతెన దాటుతుంటే, కింద పార్వతి నది ఐసులా పారుతుంటుంది, గట్టు మీద రాళ్ళ సందుల్లోంచి పొగలు కక్కుతూ నీళ్ళు ఉబుకుతుంటాయి. బియ్యం గుడ్డలో మూటకట్టి తాడుతో ఆ నీళ్ళలోకి వదులుతారు. కాసేపటికి లాగితే మూట ఉబ్బి, తాడు వేళ్ళకి చురుక్కుమంటుంది, విప్పితే మెతుకు మెతుకూ ఉడికి ఉంటుంది. గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, అంటే లంగరు, దానికి కూడా ఆ నీళ్ళ మీదే వండుతారు. ఆ రోజు మధ్యాహ్నం లంగరులోనే తిందాం, మన వంటవాళ్ళకి ఒక పూట సెలవు. తలకి గుడ్డ అందరూ కట్టుకోవాలి, మగవాళ్ళు కూడా.

ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగే ఊట పక్కన ఫోటోల కోసం వంగద్దు, చన్నీళ్ళు కలిపిన స్నానాల గుండంలోనే దిగండి. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాతే మునక. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి రండి, అయిదు నిమిషాలకి మించి కూర్చోకండి, ఒంటరిగా దిగకండి. బయటికి వచ్చాక మెట్లు తడిగా ఉంటాయి, చలిగాలి ఒక్కసారిగా కొడుతుంది. మంకీ క్యాప్ చేతికందేలా పెట్టుకోండి.

గుడారం రాత్రి పోవడంతో ఒక పూట చేతికొచ్చింది. దాన్ని విజయదశమి సాయంత్రం కులూలో వాడుతున్నాను. ఊరూరా దసరా అయిపోయే రోజున కులూ దసరా మొదలై ఏడు రోజులు సాగుతుంది. రఘునాథుడి రథాన్ని ఢాల్పూర్ మైదానంలో తాళ్ళతో లాగుతారు, చుట్టుపక్కల ఊళ్ళ దేవతలంతా పల్లకీల్లో వస్తారు. జనం విపరీతం, పిల్లల చెయ్యి వదలద్దు. ఇది గుడారాలకి బదులు ఇస్తున్నది కాదు, డబ్బు విషయం వేరుగా రాస్తున్నాను.

వానాకాలంలో అయితే ఇదే యాత్ర చవకగా వస్తుంది కదా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. 2022 జులైలో మణికరణ్ లోయలోనే చోజ్ దగ్గర మెరుపు వరద వచ్చి మనుషులు కొట్టుకుపోయారు. 2023 జులైలో కులూ జిల్లా అంతా వరదలు, రోడ్లు తెగి యాత్రికులు ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకుపోయారు. జులై, ఆగస్టుల్లో నేను ఆ లోయకి బండి పెట్టను. వేరేవాళ్ళు పెడితే వాళ్ళతో వెళ్ళండి, నాకేం కోపం లేదు.

ఇప్పుడు లెక్క. గుడారాల కోసం మనిషికి 1,800 రూపాయలు వేశాను. మణికరణ్‌లో అదనపు రాత్రి గదికి 1,100 అవుతోంది. మిగిలిన 700 మీరు కట్టిన ఫోన్ నంబరుకే ఈ వారంలో వెనక్కి వేస్తున్నాను, కొందరికి ఇప్పటికే పడ్డాయి. గుడారాలాయన నా అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు, వచ్చే సీజన్‌లో సర్దుతాడట. అది నాకూ ఆయనకూ మధ్య ఉన్న గొడవ, మీ మీద రూపాయి పడదు. మిగిలినట్టే అన్నవాళ్ళ కోసం ఈ అంకెలు రాశాను, లేకపోతే రాసేవాణ్ణి కాదు.

రాత్రి బస లేకపోతే మాకు వద్దు అనుకునేవాళ్ళకి రైలు టికెట్ రద్దు కోత నేనే భరించి మొత్తం డబ్బు ఇచ్చేస్తాను. ఈ నెల 20 లోపు ఫోన్ చేయండి. ఆ తర్వాత చెబితే కోత మీది. ఖీర్‌గంగ నడిచేవాళ్ళూ అదే తేదీలోపు పేరు చెప్పాలి, వయసు, వాడే మందులు దాచకుండా చెప్పాలి.

గ్రూపులో ఆ మాట అన్న పెద్దాయన ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ఆయన కింది బెర్తు ఆయన పేరు మీదే ఉంది. వస్తారో రారో 20 లోపు తేల్చమని ఆయనకీ మనవి, కింది బెర్తు అడుగుతున్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు.