ఏడు తలుపుల కోట

ఒరేయ్ మామా,

ఒపెరా అంటే ఒకావిడ అరగంట సేపు పాడుతూ చచ్చిపోవడమేగా అని మొన్న నవ్వావు చూడు, దానికి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం. బార్తోక్ అని హంగేరీ స్వరకర్త, అతనిది ఒకటుంది, హంగేరియన్‌లో, 'నీలిగడ్డం దొర కోట'. మొత్తం గంటే. పాడేది ఇద్దరే. హంగేరియన్‌లో నీలాన్ని 'కేక్' అంటారు, వింటే నువ్వూ కేకే అంటావు.

మొదట్లో మన సూత్రధారుడిలా ఒకడొచ్చి, అయ్యలారా అమ్మలారా, రంగస్థలం ఎక్కడుంది, బయటా లోపలా అని అడుగుతాడు. ఆ మాట గుర్తుపెట్టుకో. యూదిత్ అనే అమ్మాయి అమ్మానాన్నల్నీ, పెళ్లి కుదిరినవాణ్నీ వదిలేసి దొర వెంట అతని కోటకొస్తుంది. కిటికీల్లేవు, గోడలంతా తడి, మూసిన తలుపులు ఏడు. తాళంచెవులు ఇమ్మంటుంది. వద్దు వద్దంటూనే ఇస్తాడు. చిత్రహింసల గది, ఆయుధాలు, నగలు, పూలతోట, దేనిమీద చూసినా నెత్తురే. నెత్తురు కనబడినప్పుడల్లా పక్కపక్క స్వరాలు రెండు ఒరుసుకుంటాయి. హార్మోనియం మీద ఒక తెల్ల మెట్టూ దాన్నానుకున్న నల్ల మెట్టూ కలిపి నొక్కు, ఒళ్లు జలదరిస్తుందే, అదే.

ఇక ఐదో తలుపు. అప్పటిదాకా చీకట్లో గొణిగిన ఆర్కెస్ట్రా అంతా, ఆర్గన్‌తో సహా, ఒక్కసారిగా లేస్తుంది. వాల్యూమ్ మాత్రం తగ్గించకు. ఇదంతా నా రాజ్యం, చూడు అంటాడు దొర, పొంగిపోతూ. వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో యూదిత్ సన్నగా, జీవం లేకుండా, అందంగా ఉంది, పెద్దది నీ రాజ్యం అంటుంది. అంతే. నాకు ఒపెరా మొత్తం అక్కడే ఉంది.

ఆరోది కన్నీళ్ల సరస్సు. ఏడోది చెప్పను... సరే చెప్తా, పాత పెళ్లాలు ముగ్గురు, నగల బరువుతో, బతికే ఉంటారు, ఒక్క మాట మాట్లాడరు. ఇంతటి కథను తన పెళ్లాం మార్తాకే అంకితమిచ్చాడు బార్తోక్ మహానుభావుడు, ఆవిడేమనుకుందో!

1911లో రాస్తే పోటీలో తిప్పికొట్టారు. బుడాపెస్ట్‌లో స్టేజీ ఎక్కేసరికి 1918 మే 24. పాటలు మాటల్లా సాగుతాయేంటి అనకు, కొదాయ్ అనే ఇంకో హంగేరీ స్వరకర్తా, ఇతనూ పల్లెల వెంట తిరిగి ఫోనోగ్రాఫ్ అనే పాతకాలపు రికార్డింగ్ యంత్రం మీద పాతపాటలు పట్టుకున్నవాళ్లు. హంగేరియన్‌లో ఏ మాటకైనా నొక్కి పలికేది ఎప్పుడూ మొదటి అక్షరాన్నే, బాణీ దాన్నే పట్టుకుని నడుస్తుంది.

ఆదివారం రాత్రి లైట్లాపి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని, చెల్లెమ్మను కూడా కూర్చోబెట్టుకుని విను. యూదిత్ అన్ని తలుపులూ తెరవమనడం తప్పా అని మీ ఇద్దరికీ గొడవైతే ఫోన్ చెయ్, ముందే చెప్తున్నా, నేను చెల్లెమ్మ వైపే.