నీకొదేముకు చెప్పిన మాట

ప్రియ సహోదర సహోదరీలారా, ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకందరికీ వందనాలు.

క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సండే స్కూలులో పెరిగి, బాప్తిస్మం కూడా పొందినవారికి కొత్త జన్మ ఇంకా అవసరమా అని గ్రూపులో ఒకరు అడిగారు. కొత్తగా జన్మిస్తేనే గాని ఎవరూ దేవుని రాజ్యాన్ని చూడలేరని ప్రభువు చెప్పింది పన్నులు వసూలు చేసే సుంకరితోనో దొంగతోనో కాదు. ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుడు, యూదుల అధికారి, ఇశ్రాయేలుకు బోధకుడు అయి, రాత్రివేళ తన దగ్గరకు వచ్చిన నీకొదేముతో చెప్పారు. అంతటివానికే అది తప్పనిసరి అయినప్పుడు, మన ఇంటి సాక్ష్యం గాని సంఘ సభ్యత్వం గాని దానికి బదులు కాలేవు.

ముసలివాడు మళ్లీ ఎలా జన్మిస్తాడని నీకొదేము అడిగినప్పుడు, ఆత్మ మూలంగా కలిగే జన్మను గూర్చి చెప్పి, ప్రభువు అరణ్యంలో మోషే ఎత్తిన సర్పాన్ని గుర్తుచేసి, తనను విశ్వసించేవారు నిత్యజీవం పొందేలా తానూ అలాగే ఎత్తబడాలన్నారు. సంఖ్యాకాండము 21వ అధ్యాయంలో పాము కాటు తిన్న ఇశ్రాయేలీయులు మందు నూరుకోలేదు, మొక్కుబడులు చెల్లించలేదు; ఆ ఇత్తడి సర్పం వైపు చూసి బ్రదికారు. విశ్వాసమంటే ఆ చూపే. ఎఫెసీ పత్రిక 2:8–9 కూడా రక్షణ కృపచేతనే, క్రియల వలన కాదు అంటుంది. సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామనే పదో వచనాన్ని మాత్రం మనం చదవకుండా దాటేస్తుంటాం.

నీకొదేము ఆ రాత్రే మారాడని యోహాను సువార్తలో లేదు. ఏడో అధ్యాయంలో తోటి పరిసయ్యుల ఎదుట ప్రభువు పక్షాన జంకుతూనే ఒక ప్రశ్న వేశాడు; పందొమ్మిదో అధ్యాయంలో బోళము, అగరు అనే సుగంధ ద్రవ్యాలు తీసుకొని, సిలువపై మరణించిన ప్రభువు దేహాన్ని పాతిపెట్టడానికి బహిరంగంగా వచ్చాడు. కనుక తాము మారుమనస్సు పొందిన తేదీ చెప్పలేనివారు కలవరపడనక్కరలేదని నా అభిప్రాయం.

ఆదివారం ఆరాధన తరువాత జరిగే బైబిలు స్టడీకి యోహాను 3:1–21 చదువుకొని రాగలరు.