డొమైన్ మారింది, నేమ్‌సర్వర్ మారలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మంగళగిరిలో మాది చేనేత చీరల కొట్టు. నిజాం అంచు చీరలు హైదరాబాద్‌కీ, అమెరికాలో ఉన్న మనవాళ్లకీ వెబ్‌సైట్ ద్వారా అమ్ముతుంటాం. సరిగ్గా వరలక్ష్మీవ్రతం వారంలో ఆ సైట్ మాయమైంది.

తప్పు సగం నాదే. రెన్యువల్ రేటు పెంచారని మా డాట్ కామ్ పేరును (సైట్ అడ్రస్, అదే డొమైన్) వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేశాను. పేరుకున్న లాక్ తీసి, పాత కంపెనీ నుంచి ట్రాన్స్‌ఫర్ కోడ్ తెచ్చిస్తే వారంలోపే పనైపోయింది. సైట్ ఎప్పటిలాగే వస్తోంది కదా అని పాత అకౌంట్ మూసేశాను. మర్నాడు గుంటూరు నుంచి మా వదిన ఫోన్: "కొట్టు గానీ కట్టేశారా, సైట్ రావట్లేదు?" నా ఫోన్‌లో మాత్రం వస్తోంది! ఆవిడ ఫోన్‌దే తేడా అనుకున్నాను. సాయంత్రానికి నాకూ రాలేదు. ఆర్డర్ల మెయిళ్లూ ఆగిపోయాయి. వెనక్కి పోదామంటే 60 రోజులు కుదరదన్నారు.

ఇంజనీరింగ్ చదువుతున్న పక్కింటి అబ్బాయి డొమైన్ వివరాలు చూపించే హూయిజ్‌లో చూసి విషయం చెప్పాడు. రిజిస్ట్రార్ (డొమైన్ పేరు నడిపే కంపెనీ) అన్నచోట కొత్త కంపెనీ పేరే ఉంది, కింద నేమ్‌సర్వర్లు (ఆ పేరుతో వచ్చినవాళ్లకి సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పేవి) రెండూ పాత కంపెనీవి. ఊరు మారాక కూడా ఉత్తరాలు పాత ఊరి పోస్టాఫీసుకే పోతున్నాయన్నమాట. ఆ పోస్టాఫీసును నా చేత్తో నేనే మూయించాను.

హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లుండే సర్వర్, వేరేచోట ఉండటం అదృష్టం. వాళ్లనడిగి 'A' రికార్డు (సైట్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది), మెయిల్ వాళ్లనడిగి ఎమ్మెక్స్ రికార్డులు (మెయిళ్లు ఎక్కడికి పోవాలో చెప్పేవి) తెచ్చి, కొత్త కంపెనీలో ఎక్కించి, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాం. పాత సమాచారం 48 గంటల దాకా అక్కడక్కడా మిగిలే ఉంటుందట. రెండు రోజులు గడిచినా కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చివరికి తేలిందేమిటంటే, డీఎన్ఎస్‌సెక్ (నేమ్‌సర్వర్ ఇచ్చే జవాబు అసలుదేనని సరిచూసే ఏర్పాటు) తాలూకు పాత డీఎస్ రికార్డు అలాగే ఉండిపోయింది. దాన్ని సరిచూసే గూగుల్ 8.8.8.8 లాంటి సర్వర్లు (సైట్ ఎక్కడుందో వెతికిపెట్టేవి) ఆ పాత తాళానికి కొత్త చెవి సరిపోవట్లేదని మమ్మల్ని తిప్పి పంపేస్తున్నాయి. దాన్ని తీయించాక ఇంకో రోజుకి అందరికీ తెరుచుకుంది. ఈలోపు వ్రతమూ అయిపోయింది.

ట్రాన్స్‌ఫర్ పేజీలో మెయిల్ ప్లాన్ కొనమని నాలుగుసార్లు అడిగారు. "మీ నేమ్‌సర్వర్లు పాతవే ఉంటాయి, పాత అకౌంట్ మూసేముందు రికార్డులు రాసుకోండి" అని ఒక్క ముక్క తెలుగులో పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? కంపెనీలు పెట్టేదాకా మీ టెక్నాలజీ పేజీలోనైనా ఆ ముక్క వేయండి. నా రికార్డులన్నీ ఇప్పుడు మా చిట్టా పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి.

– ఒక చేనేత చీరల వ్యాపారి, మంగళగిరి